రెండు గడ్డలు

పోయిన సంక్రాంతికి మా పెదనాయన ఎడమ కాలికి నువ్వుల నూనె వెచ్చబెట్టి రాసి, పిక్కను బాగా పిసికాను. ఒక అరగంట సేపు. "నీ చేతిలో ఏం గుణముందో గానీ, నొప్పి సగం పాయె రా" అన్నాడాయన. నాకు గర్వంగా కూడా అనిపించింది. తొమ్మిది రోజుల తర్వాత ఆ గర్వం ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నా.

మాది హిందూపురం. పెదనాయన వాళ్ళది ధర్మవరం. ఆయన కొడుకు, అంటే మా అన్న, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తూ పెనుకొండలో అద్దెకుంటాడు. మూడు ఊళ్ళూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి కాబట్టి మా ఇళ్ళ మధ్య రాకపోకలకు పండగే రానక్కర్లేదు. అటు నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, ఇటు నుంచి ఒక సంచి చింతపండు పోతూనే ఉంటుంది.

ధర్మవరంలో చాలా ఇళ్ళ మాదిరే పెదనాయన ఇల్లు కూడా మగ్గం చుట్టూ కట్టినట్టు ఉంటుంది. ముందు గదిలో నేలలో గుంత, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా పట్టు పడుగు. పదమూడేళ్ళప్పుడు దిగిన గుంతలోంచి ఆయన యాభై నాలుగేళ్ళు వచ్చినా పూర్తిగా పైకి రాలేదు.

ఆయనకు ఆరేళ్ళుగా ఒక చిత్రమైన బాధ ఉండేది. ఉన్నట్టుండి మొహం, మెడ ఎర్రగా అయిపోయేవి. ఒళ్ళంతా వేడి. రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోయేది. దాంతోపాటు విరేచనాలు, రోజుకు ఐదారు సార్లు. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు బీపీ అన్నారు. వీధిలో వాళ్ళు మాత్రం తాగొచ్చాడన్నారు. పెద్దమ్మ కూడా అదే నమ్మింది. సాయంత్రం మొహం ఎర్రగా వేసుకుని వస్తే ఏ ఆడమనిషైనా ఏమనుకుంటుంది? ఆయన ఎంత ఒట్టు పెట్టినా వినలేదు. ఇద్దరూ నెలల తరబడి మాట్లాడుకోని రోజులు కూడా ఉన్నాయి.

చివరికి బెంగళూరులో స్కాన్లు, బయాప్సీ అయ్యాక జబ్బు పేరు తెలిసింది. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. చిన్నపేగులో మొదలై కాలేయానికి పాకింది. ఆ గడ్డ సెరటోనిన్ లాంటి రసాయనాలను రక్తంలోకి వదులుతుందనీ, మొహం ఎర్రబడడం, విరేచనాలు అన్నీ దాని పనేననీ డాక్టర్ చెప్పారు. ఆ రోజు పెద్దమ్మ ఏడ్చింది క్యాన్సర్ అని కాదు. "ఆరేండ్లు ఆ మనిషిని అనరాని మాటలన్నానే" అని ఏడ్చింది. పెదనాయన మాత్రం "ఈ మాత్రం దానికి నిజంగా తాగింటే పోయేది కదా" అని నవ్వాడు.

న్యూరో అనేసరికి మా వాళ్ళంతా నరాల జబ్బు అనుకున్నారు. తలలో గడ్డ అని ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసి చెప్పేశారు. మీలో చాలామందికి ఈ పేరు ఇర్ఫాన్ ఖాన్ వల్ల తెలిసి ఉంటుంది. 2006లో వచ్చిన మన 'సైనికుడు'లో విలన్‌గా చేసింది ఆయనే. 2018 మార్చిలో తన జబ్బు పేరు బయటపెట్టినప్పుడు ఆయన కూడా న్యూరో అంటే ప్రతిసారీ మెదడే కాదని చెప్పుకోవాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్ 29న, లాక్‌డౌన్ రోజుల్లో, వెళ్ళిపోయారు. నిజానికి ఈ గడ్డలు హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుడతాయి. ఆ కణాలు పేగుల్లో, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో, ఒంట్లో చాలా చోట్ల ఉంటాయి. 1907లో ఓబర్న్‌డోర్ఫర్ అనే జర్మన్ డాక్టర్ వీటికి 'కార్సినాయిడ్' అని పేరు పెట్టాడు, అంటే క్యాన్సర్ లాంటిది అని. మామూలు క్యాన్సర్ కంటే మెల్లగా పెరుగుతాయని ఆ పేరు. కానీ ఇవి కూడా పాకుతాయనీ ప్రాణం తీస్తాయనీ తర్వాత తేలింది.

ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పడానికి కేఐ-67 అని ఒక లెక్క ఉంది. గడ్డలో ఎన్ని కణాలు విభజన మీదున్నాయో చూస్తారు. 3 శాతం కంటే తక్కువైతే గ్రేడ్ 1, 20 దాకా గ్రేడ్ 2, ఆపైన గ్రేడ్ 3. పెదనాయనది గ్రేడ్ 1. ఇరవై ఎనిమిది రోజులకొకసారి ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మొహం ఎర్రబడడం తగ్గింది. విరేచనాలు కూడా చాలావరకు తగ్గాయి. రిపోర్టులో గ్రేడ్ 1 అన్న మాట చదివి ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పింది నేనే. ఇంట్లో ఇంగ్లీషు చదివేవాణ్ణి నేనే కదా. స్కాన్ రిపోర్టు, బయాప్సీ రిపోర్టు రెండుసార్లు చదివాను. వాటి వెనక ఇంకో రెండు కాగితాలున్నాయి. అవేవో మామూలు సూచనలనుకుని ఫైల్లో పెట్టేశాను.

ఇక సంక్రాంతి సంగతి.

జబ్బు తర్వాత పెదనాయనకు రోజంతా నేసే ఓపిక లేదు. నేతకు ఒక కుర్రాణ్ణి పెట్టుకుని, తను కూర్చుని చేసే పనులు చేస్తున్నాడు. పండగ ముందు కొత్త పడుగు వచ్చింది. పాత పడుగు కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటీ అతకాలి. వేల పోగులు. రెండు రోజులు కదలకుండా కూర్చుని ఆ పని చేశాడు. అదే వారంలో మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం తగ్గించాడు. ఇదంతా తర్వాత అడిగి తెలుసుకున్నది.

భోగి రోజు మేం వెళ్ళేసరికి ఎడమ కాలు వాచి ఉంది. కుడి కాలు మామూలుగానే ఉంది. ఎడమ కాలి చెప్పు పట్టక, పట్టీ విప్పేసి ఈడ్చుకుంటూ తిరుగుతున్నాడు. అడిగితే "మగ్గం వాపు రా. గుంతలో కూసునేటోళ్ళకు మామూలే. రెండు దినాలు పడుకుంటే దిగిపోతాది" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ ఉంది, ఎవరూ అనుమానించలేదు. నేను కూడా. నూనె గిన్నె తెచ్చుకుని కింద కూర్చున్నాను.

గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. రెండు కాళ్ళు ఒకే మగ్గంలో కూర్చుంటే ఒక్క కాలే ఎందుకు వాచిందన్న చిన్న ప్రశ్న మాత్రం నాకు రాలేదు.

పండగ అయ్యాక నేను హాస్టల్‌కి వచ్చేశాను. వాపు కొంచెం తగ్గిందని పెదనాయన పెనుకొండకు కొడుకు దగ్గరికి వెళ్ళాడు. అన్న ఉండేది రెండో అంతస్తులో. మొదటి అంతస్తు మెట్లు ఎక్కేసరికి ఆయన గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. ఊపిరి అందడం లేదు. ఛాతీలో పొడుస్తోంది. ఒళ్ళంతా చెమట. అన్న గుండెపోటు అనుకుని, ఫ్రెండ్ కారులో వేసుకుని హిందూపురం తీసుకొచ్చాడు. మా నాన్న ఆసుపత్రి దగ్గరికి ముందే వెళ్ళి నిలబడ్డాడు.

అక్కడ రాత్రి డ్యూటీలో ఒక లేడీ డాక్టర్ ఉందట. ఆక్సిజన్ పెట్టి, ఈసీజీ తీసి, పాత జబ్బు ఏదైనా ఉందా అని అడిగింది. అన్న చెప్పాడు. వెంటనే ఆమె అడిగిన రెండో ప్రశ్న: "ఈ మధ్య ఏ కాలైనా వాచిందా? ఒక్క కాలే?"

ఒక్క ప్రశ్న. అంతే. ఆమె పంచె పైకి జరిపి రెండు పిక్కలకూ టేపు పెట్టి కొలిచింది. ఎడమది మూడు సెంటీమీటర్లు ఎక్కువ. డాప్లర్ స్కాన్‌లో తొడ లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి కనిపించింది. రక్తం పలచబరిచే హెపారిన్ అక్కడే మొదలుపెట్టి అంబులెన్స్‌లో బెంగళూరు పంపించారు. అక్కడ సీటీలో తేలింది: కాలిలోని గడ్డ కొంత తెగి, గుండె మీదుగా వెళ్ళి, ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంది. దీన్నే పల్మనరీ ఎంబోలిజం అంటారు.

నేను రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి బెంగళూరు చేరాను. ఐసీయూ బయట పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "కాల్లో గూడా గడ్డ లేసిందంట రా. పాకింది. ఇంగ అయిపాయె" అంది. నాకు ఒక నిమిషం పట్టింది ఆమె ఏమనుకుంటోందో అర్థం కావడానికి. కడుపులో ఉన్నది గడ్డ. కాల్లో ఉన్నది కూడా గడ్డ. తెలుగులో ట్యూమర్ అన్నా గడ్డే, క్లాట్ అన్నా గడ్డే. డాక్టర్ సరిగ్గానే తెలుగులో చెప్పారు. పెద్దమ్మ కూడా సరిగ్గానే విన్నది. క్యాన్సర్ కాలిదాకా వచ్చిందని రాత్రంతా అక్కడే కూర్చుని ఏడ్చింది.

"అది ఈ గడ్డ కాదు పెద్దమ్మా. ఇది గడ్డ పెరుగు మాదిరి. నెత్తురు తోడుకుంది" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని "తోడు ఎవరేసినారు మరి?" అంది.

నిజంగా అడగాల్సిన ప్రశ్న అదే. దానికి జవాబు వెతకడానికి నాకు ఒక నెల పట్టింది. నాకర్థమైనంతలో చెప్తాను.

రక్తం సిరల్లో గడ్డకట్టడానికి కారణాలు మూడు గుంపులు. 19వ శతాబ్దంలో జర్మన్ డాక్టర్ రుడాల్ఫ్ విర్కో పేరు మీద వీటిని చెప్తారు. ఒకటి, ప్రవాహం మందగించడం. రెండు, సిర గోడ దెబ్బతినడం. మూడు, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. ఆయన పుట్టిన అక్టోబర్ 13నే ఇప్పుడు ప్రపంచ థ్రాంబోసిస్ దినం.

ప్రవాహం సంగతి మనకు బాగా అర్థమయ్యేదే. గుండె రక్తాన్ని కాళ్ళలోకి తోస్తుంది గానీ, కింది నుంచి పైకి తెచ్చే పనిలో పెద్ద సాయం పిక్క కండరానిది. అదొక పంపు. సిరల్లో కవాటాలు చెక్ వాల్వులు. నడిచినప్పుడల్లా కండరం నొక్కుతుంది, రక్తం పైకి పోతుంది, వెనక్కి రాదు. మగ్గం నేసేటప్పుడు కాళ్ళతో కర్రలు తొక్కుతుంటారు కాబట్టి ఆ పంపు ఎంతో కొంత నడుస్తూనే ఉంటుంది. కాళ్ళు కదపకుండా రెండు రోజులు పోగులు అతికినప్పుడు అది ఆగిపోయింది. పైగా ఒంట్లో నీరు తగ్గింది. పాపం మగ్గాన్ని అందరం తిట్టాం. ఆయన ఆ రెండు రోజులు నేసి ఉంటేనే మేలేమో.

ఇక తోడు సంగతి. క్యాన్సర్ కణాలు రక్తం గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టే పదార్థాలను వదులుతాయి. దానికి తోడు వాపు, ఆపరేషన్లు, మంచం పట్టడం, సిరల్లో పెట్టే గొట్టాలు. పారిస్‌లో ఆర్మాండ్ ట్రూసో అనే డాక్టర్ 1865లోనే సిరలు గడ్డకట్టడానికీ దాగి ఉన్న క్యాన్సర్‌కీ సంబంధం ఉందని పాఠం చెప్పాడు. కొన్నాళ్ళకు అలాంటి సిర వాపు తన ఒంట్లోనే కనిపించింది. తనకేమైందో తనకే అర్థమైంది. 1867లో కడుపు క్యాన్సర్‌తో పోయాడు. ఆ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నూటయాభై ఏళ్ళ నాటి పాఠం ధర్మవరం దాకా రాలేదు. వచ్చినా నేను ఫైల్లో పెట్టేశాను.

న్యూరోఎండోక్రైన్ గడ్డలకు సొంతంగా కొన్ని దారులు కూడా ఉన్నాయి. అవి వదిలే సెరటోనిన్‌ను రక్తంలోని ప్లేట్‌లెట్లు దాచుకుంటాయి. అవి ఒకదానికొకటి అతుక్కోవడానికి అది సాయం చేస్తుంది. చిన్నపేగు గడ్డల చుట్టూ నారలాంటి కణజాలం పేరుకుని పేగుల సిరలను నొక్కేస్తుంది. క్లోమంలో పుట్టేవి పక్కనున్న పెద్ద సిరలను నొక్కవచ్చు, లోపలికి కూడా పాకవచ్చు. గ్లూకగోనోమా అని అరుదైన రకం ఒకటుంది. అందులో షుగరు, ఒంటి మీద దద్దుర్లతో పాటు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా ఆ జబ్బు గుర్తుల్లో ఒకటి. గ్రేడ్ ఎక్కువైన కొద్దీ, జబ్బు పాకిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అలాగని మెల్లగా పెరిగే గడ్డ ఉన్నవాళ్ళకు ప్రమాదం లేదని కాదు. గ్రేడ్ 1 అన్న మాట గడ్డ పెరిగే వేగం గురించి చెప్పింది. కాలు గురించి ఏమీ చెప్పలేదు. నేనే రెండూ కలిపేసుకున్నాను.

మరి అందరికీ ముందే రక్తం పలచబరిచే మందు ఇచ్చేయొచ్చు కదా అని డాక్టర్‌ను అడిగాను. ఆ మందుకు ఇంకోవైపు రక్తస్రావం ఉంటుంది అన్నారు. ఎవరికి ఇవ్వాలో తూచి చూస్తారు. 2008లో అలోక్ ఖొరానా అనే డాక్టర్ బృందం కీమోథెరపీ తీసుకునేవాళ్ళ కోసం ఒక స్కోరు తయారుచేసింది. క్యాన్సర్ ఎక్కడుంది, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ఒంటి బరువు, ఈ ఐదూ చూస్తారు. వాటిలో మూడు మామూలు రక్తపరీక్షలో దొరికే అంకెలే. అయినా స్కోరు మనిషి కాలును చూడదు. కాలును చూడాల్సింది ఇంట్లో వాళ్ళు.

అసలు అడగాల్సింది చివరగా అడిగాను. "సార్, నేను పిసకడం వల్లే అది తెగి పైకి పోయిందా?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. "చెప్పలేం. నువ్వు ముట్టుకోకపోయినా కదిలి ఉండొచ్చు. చాలాసార్లు వాటంతటవే కదులుతాయి. కానీ ఇలా వాచిన కాలు ఇంకెప్పుడూ పిసకొద్దు" అన్నారు. నాకు కావాల్సిన జవాబు 'కాదు' అని. అది దొరకలేదు. దొరకదు కూడా.

పెదనాయన పదకొండు రోజులకు ఇంటికొచ్చాడు. మొదట్లో రోజుకు రెండుసార్లు పొట్ట చర్మం కింద ఇంజెక్షన్. సెలవు పెట్టి వారం పాటు నేనే వేశాను. మొదటి రోజు నా చెయ్యి వణికితే "ఆ పొద్దు అంత గట్టిగా పిసికినోడివి, సూదికి భయపడతావేమిరా" అన్నాడు. ఆయన జోకే వేశాడు. నేను బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. ఇప్పుడు మాత్రల మీద ఉన్నాడు. పట్టుపోగు వేలిని కోస్తే రక్తం ఆగడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది. గంటకొకసారి ఫోన్‌లో అలారం మోగితే లేచి వీధి చివరిదాకా నడిచి వస్తాడు. రక్తం గడ్డకట్టేటప్పుడు ఫైబ్రిన్ అనే సన్నని దారాలు అల్లుకుని కణాలను పట్టేస్తాయని చెప్తే, చాలా శ్రద్ధగా విని "అంటే లోపల గూడా ఎవరో మగ్గం ఏసినారన్నమాట" అన్నాడు.

ఆ వారంలోనే ఒక రోజు పాత ఫైలు తీశాను. వెనక పెట్టేసిన ఆ రెండు కాగితాలు చదివాను. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: ఒక్క కాలు వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలి అని. ఇంగ్లీషులో. ఆ ఫైలున్న గదికి పక్క గదిలోనే నేను నూనె గిన్నె పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడే దాన్ని తెలుగులో రాసి మగ్గం పక్క గోడకు అంటించాను. అదే ఇక్కడ మీకోసం కూడా రాస్తున్నా. మీ ఇంట్లో ఎవరికైనా ఏ క్యాన్సర్ ఉన్నా సరే, ఒక్క కాలో చెయ్యో వాచినా, పిక్క నొప్పి పుట్టినా, అక్కడ వేడిగా ఉన్నా, రంగు మారినా ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. డాప్లర్ అంటే మామూలు అల్ట్రాసౌండ్ లాంటిదే, సూది కూడా ఉండదు. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినా, దగ్గులో రక్తం పడినా, కళ్ళు తిరిగి పడినా ఆగొద్దు, అంబులెన్స్ పిలవండి. వాచిన కాలు పిసకొద్దు. రక్తం పలచబరిచే మందు సొంతంగా మొదలుపెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు. మొదటి అపాయింట్‌మెంట్‌లోనే "రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందా?" అని మీరే అడగండి. ఫైల్లో ప్రతి కాగితం చదవండి. మన ఇళ్ళల్లో చాలామందికి ఇంగ్లీషు చదివి చెప్పేది మనమే.

గోడ మీద కాగితం చూసి పెదనాయన ఒక తప్పు పట్టుకున్నాడు. "రెండు తావులా గడ్డ అనే రాసినావు. ఏది ఏదో మీ పెద్దమ్మకు ఎట్ల తెలియాల?" దాంతో కొట్టేసి, ఒకచోట కడుపు గడ్డ, ఇంకోచోట నెత్తురు గడ్డ అని దిద్దాను.

పోయిన ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేసింది. పక్కింటి ఆమెకు కాలు వాచిందట. ఒక్క కాలే. ఆమె కోడలు నూనె గిన్నె తీస్తుంటే పెద్దమ్మ లాగేసుకుని, ఇద్దర్నీ ఆటో ఎక్కించి ఆసుపత్రికి తోలుకుపోయిందట. స్కాన్‌లో ఏమీ లేదు. బెణుకట. స్కానింగ్‌కు డబ్బు దండగ చేయించిందని ఆమె వీధిలో నిలబడి తిట్టిందట.

"తిట్టనీలే" అంది పెద్దమ్మ. "మళ్ళా వాచినా తోలుకుపోతా."